నువ్వు కానివ్వమన్నావని

అద్దకం షెడ్డు నుంచి

అక్కా,

నీ పెట్టె అందింది. విప్పేసరికి షెడ్డులో పని మొత్తం ఆగిపోయింది. తెల్లటి డబ్బా, మీద ఎర్ర స్టిక్కరు, లోపల ఫోము, ఫోములో నిలబెట్టిన ఖాళీ గొట్టాలు. "ఏంటన్నా ఇది?" అని నూలు పిండేవాళ్ళు చుట్టూ మూగారు. మా అక్కకి నా రక్తం కావాలట, అందుకు పంపింది అన్నాను. "చిన్నప్పుడు తాగింది చాలలేదా?" అన్నాడు మేస్త్రీ. నిన్ను ఎరిగినవాడు కదా మరి.

వీధి చివర క్లినిక్‌లో నర్సమ్మ తీసింది. నువ్వు చెప్పినట్టే గొట్టాలు మెల్లగా అటూ ఇటూ తిప్పి కలిపాను. దారిలో పాడవకూడదని చుట్టూ ఐసు ముక్కలు కూరాను. ఈ ఐసు తెలివి పూర్తిగా నాదే. మెచ్చుకో.

ఫోనులో మనిద్దరికీ మాట సాగదు. తిన్నావా, తిన్నాను, వానా, వానే, ఇక ఉంటాను. పెట్టె ఎలాగూ వస్తూ పోతూ ఉంటుంది కనక ఇందులోనే ఉత్తరం పడేస్తున్నాను. నువ్వూ అలాగే పడెయ్యి. ఇక్కడ పని బాగానే ఉంది. పక్క షెడ్డు ఖాళీ అవుతోంది. తీసుకుని ఇంకో రెండు తొట్టెలు వేద్దామా అని ఏడాదిగా నేను నసుగుతున్న సంగతి నీకు తెలిసిందే.

నిన్నొక ముఖ్యమైన మాట అడగాలి. నువ్వు కానివ్వు అంటేనే కానిస్తాను. తీరిగ్గా చదువు, రెండో పేజీలో రాస్తున్నాను.

(రెండో పేజీ)

నా ఎడమ మడమ కింద ఒక నల్ల మచ్చ వచ్చింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మా కాళ్ళు ఏ రోజు ఏ రంగులో ఉంటాయో నీకు తెలుసుగా. నలుపు తొట్టి దగ్గర నిలబడేవాణ్ణి, రంగే అనుకున్నాను. నీ మరదలు గరుకు రాయితో రుద్దింది. నేనూ రుద్దాను. ఏడాది పైన అలా రుద్దుకుంటూనే ఉన్నానక్కా. క్యాన్సర్‌ని రంగనుకుని రాయితో తోమినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. జబ్బు సంగతి చెప్పగలను కానీ ఈ తోమిన సంగతి చెప్పాలంటే సిగ్గేస్తోంది.

కాలు బెణికిందని నీకు ఫోనులో చెప్పానే, అప్పుడే ఆపరేషన్ చేశారు. మడమ దగ్గర కోసేసి తొడ మీది చర్మం తెచ్చి అతికారు. గజ్జలో ఒక గడ్డ కూడా తీశారు.

ఇప్పుడు డాక్టరమ్మ ఒక మందు గురించి చెబుతోంది. సెలైన్ లాగా మూడు వారాలకోసారి ఎక్కిస్తారట. టీ కణాల మీద ఒక బ్రేకు ఉంటుందట, ఈ మందు దాన్ని కప్పేస్తుందట. అప్పుడవి ఒంట్లో మిగిలిన క్యాన్సర్‌ని వెతికి చంపుతాయట. ఒక్కోసారి సొంత ఒంటినే పీకుతాయట కూడా. "రెండు వైపులా చెప్పాను, ఇక మీ ఇష్టం" అంది. నా ఇష్టం నాకేం తెలుసు? నువ్వు పొద్దస్తమానం చూసేది ఆ కణాలనేగా. నువ్వు చెప్పు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కావాలన్నావు. నేనిక ఆ జాబితాలోకి రానేమో. పనికిరాదంటే పారబొయ్యి, ఏమీ అనుకోను. పనికొస్తుందంటే నెలనెలా పంపిస్తాను.

పెట్టె మీ దగ్గర ఎవరు విప్పుతారో నాకు తెలియదు. ఇక ముందు ఉత్తరాల్లో ఈ జబ్బు పేరు రాయను. నువ్వూ రాయకు, ఫోనులోనూ ఎత్తకు. నీ మరదలికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రశ్నలేమీ వేయకు. కానివ్వు అను, లేదా వద్దు అను. చాలు.

నీ తమ్ముడు


ల్యాబ్, కిటికీ పక్క బల్ల

ఒరే చిన్నా,

నీ ఐసు తెలివికి మెచ్చుకోలు కూడానా! గొట్టాల్లో కణాలన్నీ పగిలిపోయి రక్తం కాస్తా ఎర్రనీళ్ళయింది. ఒక్క కణం బతికితే ఒట్టు. ఈసారి ఐసు జోలికి వెళ్ళావంటే వచ్చి చెవి మెలిపెడతాను. మనం కూర్చునే గది ఎంత చల్లగా ఉంటుందో అంత చాలు వాటికి.

ఇంకో సంగతి. కణాలు పెంచే గదిలోకి ఏం తెచ్చినా మాకు స్పిరిట్ కొట్టి తుడవాల్సిందే. పెట్టె, గొట్టాలు, పెన్నులు, చివరికి మా చేతులు కూడా. నా శిష్యురాలు అలవాటు చొప్పున నీ ఉత్తరానికీ కొట్టేసింది. నీ జెల్ పెన్ను సిరా కాస్త అలుక్కుంది. అయినా చదివానులే, కంగారు పడకు.

రెండో పేజీలో అడిగినదానికి జవాబు: కానివ్వు. ఎన్నాళ్ళని వెనకాముందాడతావు? మొదలుపెడితే అన్నీ అవే సర్దుకుంటాయి. నేను లేనూ?

రక్తం మాత్రం నెలనెలా తప్పకుండా పంపు. చలికాలం జరిగే సైన్సు సభలోపు ఏదో ఒకటి తేల్చి చూపించమని మా ల్యాబ్ పెద్దాయన నెత్తినెక్కి కూర్చున్నాడు. నా తోటివాళ్ళందరికీ చెప్పుకోవడానికి ఒక్కో కొత్త సంగతి దొరికింది. నేనే ఇంకా గొట్టాలు కడుక్కుంటున్నాను. మరదలిని అడిగానని చెప్పు.

అక్క


అద్దకం షెడ్డు

అక్కా,

నీ జవాబు చేతికొచ్చాక రక్తం, ఐసు సంగతి తర్వాత చదివాను. ముందు ఆ ఒక్క మాట కోసం వెతుక్కున్నాను. కానివ్వు. ఎంత తేలిగ్గా అనేశావు! ఒక్క క్షణం మనసు చివుక్కుమంది కూడా, ఇంతేనా అని. నీ మరదలే నచ్చచెప్పింది. "మనకి కొత్త కనక కొండలా ఉంది, ఆవిడ రోజూ చూసే సంగతే కదా. అంత ధైర్యంగా చెప్పిందంటే భయం లేనట్టే" అంది. నిజమే అనిపించింది. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

మొదలైంది. మొదటి రోజు నీ మరదలు వెంటే ఉంది. ఇక నుంచి నా పని నేను చూసుకుంటాను, నీ పని నువ్వు చూసుకో. నేను అడిగినట్టే ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఉన్నావు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. నీ నోటికి తాళం పడటం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం.

రక్తం పంపుతున్నాను. ఐసు లేదు. నెలనెలా తప్పకుండా పంపమని నువ్వు రాసినందుకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా ఒంట్లో పనికొచ్చేది ఇంకా ఏదో మిగిలిందన్నమాట.

నీ తమ్ముడు


ల్యాబ్

ఒరే చిన్నా,

చేతిలో పని పక్కన పెట్టి కూర్చుని చదువు. నాకు గాల్లో తేలుతున్నట్టుంది.

మన ఒంట్లో టీ కణాలని కాపలా కణాలుంటాయి. వాటిల్లో ఒకటి పనిలోకి దిగాలంటే ఒక్క సైగ చాలదు. ఎదుటి కణం ఏదో క్రిమి ముక్కని పట్టి చూపిస్తుంది. టీ కణం తన ఒంటి మీదున్న ప్రోటీన్‌తో దాన్ని తాకి గుర్తుపట్టాలి. అంతటితోనూ లేవదు. ఆ ఎదుటి కణం మీదే ఉన్న మరో ప్రోటీన్ వచ్చి దీని మీదున్న మరో ప్రోటీన్‌ని తాకి, అవును నిజమే అని చెప్పాలి. రెండూ కుదిరితేనే కొట్లాటకి దిగుతుంది. దిగినదాన్ని ఆపేందుకు దాని ఒంటి మీదే పీడీ వన్ అని ఇంకో ప్రోటీన్ మొలుస్తుంది. దాని జోడీ అవతలి కణం మీద ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటే టీ కణం చల్లబడుతుంది. ఆ బ్రేకు లేకపోతే కాపలావాడే ఇల్లు కూల్చేస్తాడు.

మేము చేస్తున్నది ఇదీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం తెచ్చి, ఎవరి రక్తంలో వాళ్ళ కణాల్ని ఉంచి, రెచ్చగొట్టి, బ్రేకు ఎంత మొలుస్తుందో కొలుస్తాం. మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీ పోస్తే అది వెళ్ళి పీడీ వన్‌కి అతుక్కుంటుంది. మిషన్ ఆ మెరుపుని కొలుస్తుంది. అందరిలోనూ మెరిసింది. నీలో మెరవలేదు! పాడైందేమో అనుకుని నీ తర్వాతి రక్తం కోసం ఆగి మళ్ళీ చేశాను. లేదు. పైగా నీ కణాలు మిగతావాళ్ళ వాటికన్నా ఎక్కువగా ఎగురుతున్నాయి.

అంటే నువ్వు పుట్టుకతోనే బ్రేకు లేని మనిషివా, లేకపోతే ఆ పని ఇంకేదైనా చేస్తోందా? ఇలాంటి మనిషి గురించి నాకు తెలిసినంతలో ఎవరూ చెప్పలేదు. పేర్లు పెట్టకూడదు కనక సభలో నిన్ను 'ఏడో దాత' అంటాను. నా శిష్యురాలు మాత్రం నీకు బ్రేకుల్లేని బండి అని పేరు పెట్టింది. అమ్మ ఉంటే నీ చిన్నప్పుడే చెప్పేదిగా ఆ మాట!

ఇన్నేళ్ళ నా చాకిరీకి ఫలితం మన ఇంట్లోనే దొరికిందిరా. ఇంకో రెండు గొట్టాలు ఎక్కువ పంపు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. బ్రేకు కనబడటం లేదు, కణాలు ఎగురుతున్నాయి అన్నచోట ఏడ్చేసింది, సంతోషంతో. డాక్టరమ్మని ఎన్నిసార్లు అడిగినా 'చూద్దాం, ఆగి చూద్దాం' అంటుంది. నువ్వు నా కణాల్ని కళ్ళారా చూసి పని జరుగుతోందని చెప్పావు. ఇంతకన్నా ఏం కావాలి? పుట్టుకతో బ్రేకు లేదేమో అని ఏదో రాశావు, అది నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళ పద్ధతి అనుకుని వదిలేశాను. సభలో నా గురించి గొప్పగా చెప్పుకో.

ఈమధ్య ఒళ్ళంతా దురద. చేతుల మీద ఎర్రగా దద్దుర్లు. నిలబడితే నీరసం. నాలుగు నూలు చిలపలు పిండేసరికి కూలబడిపోతున్నాను. పది రోజులుగా విరేచనాలు కూడా పట్టుకున్నాయి. డాక్టరమ్మకి చెబుదామంటుంది నీ మరదలు. చెబితే ఆపేస్తారేమో అని నా భయం. ఇంత బాగా పనిచేస్తున్నదాన్ని ఆపుకోవడం ఎందుకు? ఏం చేయమంటావు?

రక్తం పంపుతున్నాను. రెండు గొట్టాలు ఎక్కువే.

నీ తమ్ముడు


ల్యాబ్

ఒరే చిన్నా,

రెండే ముక్కలు. రేపు సభకి ప్రయాణం, బట్టలు కూడా సర్దుకోలేదు.

దురదా, దద్దుర్లా! ఎగిరి గంతేశాను తెలుసా? బ్రేకు లేనివాడికి ఒళ్ళు కాస్త చిటపటలాడాల్సిందే. లేకపోతే నా మాట తప్పని అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు ఇది కూడా కలిపి చెబుతాను. కంగారు పడి డాక్టర్ల చుట్టూ తిరగకు. ఏదో ఒక మాత్ర మింగించి మొత్తం చల్లార్చేస్తారు, నాకు కొలవడానికేమీ మిగలదు. కొన్నాళ్ళు ఓర్చుకో. ఇది మంచి సూచనేరా. మజ్జిగ తాగు.

వచ్చాక తీరిగ్గా రాస్తాను.

అక్క


ఆసుపత్రి వరండా నుంచి

వదినగారికి,

ఈ నెల రక్తం రాదు. మీరు ఎదురుచూస్తుంటారని రాస్తున్నాను.

ఆయన్ని ఇక్కడ చేర్చి నాలుగు రోజులైంది. పేగులు పుండైపోయాయన్నారు. విరేచనంలో రక్తం పడుతున్నా నాకు చెప్పలేదు. స్నానాల గదిలో పడిపోతే తలుపు విరగ్గొట్టి తీశాం. మందు వేసిన మొదటి రోజే డాక్టరమ్మ చెప్పింది, విరేచనాలు ఎక్కువైతే గంట కూడా ఆగకుండా చెప్పమని. నేను ఫోను తీశాను. నా చేతిలోంచి లాక్కున్నారు. "అక్క ఓర్చుకోమంది, మంచిదేనంది" అన్నారు. నేను ఊరుకున్నాను. మీకన్నా నాకెక్కువ తెలుసా అనుకున్నాను. ఆ తప్పు నాది.

డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అరిచింది. ఈయన కళ్ళు మూసుకునే "మా అక్కకి చెప్పాను" అన్నారు.

ఏమీ అడగొద్దని మీకు రాసింది ఆయనే. నాకు తెలుసు. కానీ వదినా, అడగొద్దంటే నిజంగా మానేస్తారా? క్యాన్సర్ వచ్చిన తమ్ముడికి ఇన్ని ఉత్తరాలు రాసి ఒక్కదానిలో కూడా ఎలా ఉన్నావురా అని అడగలేదు. గొట్టాలు అడిగారు. ఇంకో రెండు ఎక్కువ పంపమన్నారు. ఆయన మీ ఉత్తరాలు దిండు కింద పెట్టుకున్నారు. అవి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆపద ఇంకా గడవలేదంటున్నారు. మీరు రావక్కర్లేదు.

మీ మరదలు


ఇంటి నుంచి

చిన్నా,

ఈ ఉత్తరం మరదలు నీకు ఇస్తుందో చించేస్తుందో తెలియదు. చించినా నేనేమీ అనలేను.

నీ రెండో పేజీ నేను చదవలేదు. మడతలో పైకి ఉన్నది అదే కావడంతో స్పిరిట్ పడి ఆ పేజీ మొత్తం నీలి మరకయింది. కాస్త అలుక్కుంది అని రాశాను, అది అబద్ధం. ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. మళ్ళీ రాసి పంపమని అడిగితే సరిపోయేది. తమ్ముడు రాసిన మొదటి ఉత్తరాన్నే పాడుచేశానని చెప్పడానికి సిగ్గుపడ్డాను. పక్క షెడ్డు గురించే అయ్యుంటుందని నాకు నేనే అనుకుని కానివ్వు అని రాసేశాను. ఆ మాట రాయడానికి నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదురా. నువ్వు దాన్ని పట్టుకుని ప్రాణం పణంగా పెట్టావు.

రక్తం తీసుకునే ముందు ప్రతి దాతనీ ప్రతిసారీ అడగాలి: ఏదైనా జబ్బు చేసిందా, ఆపరేషన్ జరిగిందా, మందులు వాడుతున్నారా అని. అందరినీ అడిగాను. నిన్ను అడగలేదు. నా తమ్ముడి సంగతి నాకు తెలియదా అనుకుని నీ బదులు నేనే 'ఏమీ లేవు' అని రాసుకుంటూ పోయాను. సభలో ఒక పెద్దావిడ లేచి "ఏడో దాత మందులేమైనా వాడుతున్నాడేమో కనుక్కున్నారా?" అని అడిగింది. కనుక్కున్నాను అన్నాను, మైకులో, అంతమంది ముందు. చప్పట్లు కొట్టారు.

సభ నుంచి వచ్చేసరికి నా శిష్యురాలు బల్ల దగ్గర దిగాలుగా కూర్చుని ఉంది. ఆమె ఊరికే ఉండక ఇంకో రకం యాంటీబాడీతో నీ కణాల్ని చూసింది. ఇది పీడీ వన్‌కి వేరే పక్కన అతుక్కుంటుంది. నీలో బ్రేకు ఉంది. అందరిలాగే ఉంది. మేము ఎప్పుడూ చూసే చోట మాత్రం ఇంకేదో ముందే కూర్చునుంది. రంగు పట్టేసిన నూలు మళ్ళీ ముంచితే కొత్త రంగు తాగదు కదా, అలా మా యాంటీబాడీకి చోటు లేకుండా పోయింది. ఆ కూర్చున్నదేమిటో కూడా ఆమే తేల్చింది. మందు సీసాలోంచి తప్ప మనిషి ఒంట్లోకి వచ్చే దారి లేని యాంటీబాడీ అది. ఎందుకిస్తారో మా ఇద్దరికీ తెలుసు. ఆమె నా మొహంలోకి చూడలేదు. "మేడమ్, నేను బయట ఉంటాను" అని వెళ్ళిపోయింది. ఐసు పెట్టి పాడుచేసిన నీ మొదటి రక్తం ఒక్కటే మందు ఎక్కకముందుది. అది నిలిచుంటే ముందే తెలిసేది.

అప్పుడు ఆ పేజీ తీసి భూతద్దం పెట్టి చూశాను. 'మడమ' అనీ, 'రాయితో' అనీ, చివర్లో 'నువ్వు చెప్పు' అనీ ఆనవాళ్ళు దొరికాయి. అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. డాక్టరమ్మ అనీ, ఆపేస్తారేమో అనీ నువ్వు రాసిన చోట కూడా ప్రయాణపు హడావిడిలో నేను ఆగలేదు. నీకు విరేచనాలని రాశావు, నేను మజ్జిగ తాగమన్నాను. ఆ మందు వేసుకునేవాళ్ళకి అది ఎంత ప్రమాదమో చెప్పడానికి నాకు డాక్టరు అక్కర్లేదు.

ఇప్పుడు రాయబోయేది మరదలికి కూడా తెలియదు. వెంటనే ఫోను చేతిలోకి తీసుకున్నాను. నీ పేరు మీద వేలు పెట్టాను. ఏమని మొదలుపెట్టాలి? నీ ఉత్తరం చదవలేదనా? అంతమంది ముందు అబద్ధం ఆడాననా? మాటలు కూర్చుకుని రేపు చేద్దామని ఫోను పక్కన పెట్టేశాను. మర్నాడు చేస్తే ఎవరూ ఎత్తలేదు. అప్పటికే నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ రోజు నాకు నీ ప్రాణం కన్నా నా మొహమే ఎక్కువైంది. ఇది రాయకుండా ఉంటే ఇంకో అబద్ధం అవుతుంది.

సభ వాళ్ళకి తప్పు ఒప్పుకుంటూ రాయాలి. నీ జబ్బు సంగతి బయటపెట్టే హక్కు నాకు లేదు. నువ్వు వద్దంటే, దాతని అడగాల్సినవి అడగలేదు, అడిగానని అబద్ధం చెప్పాను అని మాత్రం రాస్తాను. అది నా సంగతే కనక.

మరదలు రావద్దంది. రమ్మన్నా రావడానికి నాకు మొహం చెల్లదు. ఎలా ఉన్నావురా? ఇన్ని ఉత్తరాల తర్వాత ఇప్పుడు అడుగుతున్నాను. ఎలా ఉన్నావు?

అక్క


ఇంటి నుంచి

అక్కా,

బతికాను. బరువు బాగా తగ్గాను, లాగూలన్నీ తాడుతో బిగించి కట్టుకుంటున్నాను. పేగులు మానుతున్నాయి. ఉప్పూ కారం లేని గంజి తాగి తాగి నాలుక మొద్దుబారిపోయింది. ఆ మందు ఇక జన్మలో వేయరట. స్కాన్ తీస్తే ఎక్కడా ఏమీ కనబడలేదు. ఆగి చూద్దాం అంది డాక్టరమ్మ, మామూలుగానే.

నీ ఉత్తరం నీ మరదలు చించలేదు. పూర్తిగా చదివి, మడిచి నా ఒళ్ళో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను చదివాక చాలా రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు.

పడుకుని ఆలోచించడం తప్ప పనేముంది? అసలు నిన్ను ఎందుకు అడిగానా అని ఆలోచించాను. సలహా కోసం కాదక్కా. వేయించుకుని చెడితే అక్క వేయించుకోమంది అనొచ్చు. మానేసి చెడితే అక్క మానేయమంది అనొచ్చు. నా ప్రాణం సంగతి నేను తేల్చుకోకుండా నీ నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాను. పైగా ప్రశ్నలు వేయొద్దని కట్టడి చేశాను. నీ 'కానివ్వు' చదివినప్పుడు ఏదో తేడాగా ఉందని నాకు అనిపించింది. 'పుట్టుకతో' అని రాసినప్పుడు ఇంకా గట్టిగా అనిపించింది. అడగలేదు. అడిగితే నువ్వు వేరే మాట అంటావేమోనని. అది తలచుకుంటే నాకూ తల వంగిపోతోంది.

నువ్వు నిజంగా ఆ పేజీ చదివుంటే సవాలక్ష ప్రశ్నలు వేసేదానివి. నేను జడుసుకుని మానేసేవాణ్ణేమో. ఆ స్కాన్ ఇంత శుభ్రంగా వచ్చేదో లేదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి దానికి నిన్ను తిట్టలేను, మెచ్చుకోనూ లేను.

సభకి అంతా రాయి. జబ్బు పేరు కూడా రాయి. దాచి దాచి నేను బాగుపడింది లేదు. షెడ్డులో అందరినీ వరసగా కూర్చోబెట్టి, కాళ్ళు కడిగించి, అరికాళ్ళు చూశాను. ఎందుకని అడిగితే నా మడమ చూపించి, రాయితో తోమిన సంగతితో సహా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ మర్నాడే అందరికీ బూట్లు కొనుక్కొచ్చాడు.

ఇక ఆ ఫోను సంగతి. పేజీ పాడవడం పొరపాటు. చదివానని చెప్పడం సిగ్గు కొద్దీ చేసిన పని, నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ అంతా తెలిశాక ఫోను తీసి మళ్ళీ పక్కన పెట్టేశావే, అది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆ పూట నేను స్నానాల గదిలో నేల మీద ఉన్నాను. నువ్వు మాటలు కూర్చుకుంటున్నావు. ఎటు తిప్పి ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతున్నాను.

దాని గురించి ఇంకో ఉత్తరం రాయకు. ఉత్తరాల్లో మనం బాగానే ఉంటాం, అదే మన జబ్బు. బయల్దేరి రా. నీ మరదలు తలుపు తీస్తుంది కానీ పలకరించదు, నువ్వే ముందు మాట్లాడు. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చో. ఆ రోజు ఫోను ఎందుకు పెట్టేశావో మొహం మీద చెప్పు. నేను కోప్పడతాను. గట్టిగానే అరుస్తాను, ఆ మాత్రం ఓపిక వచ్చింది.

అరిచాక కూడా లేచి వెళ్ళకు.

నీ తమ్ముడు